పిల్లల మార్కులు గ్రూపులో పెట్టే ముందు

మెట్రిక్ రిజల్ట్ వచ్చిన రోజు ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులు చూడండి, బరంపురంవి గాని పర్లాకిమిడివి గాని రాయగడవి గాని. పొద్దున రిజల్ట్ వస్తే మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఫలానా వాళ్ళ బాబుకి ఇంత, ఫలానా వాళ్ళ పాపకి ఇంత అని ఫోటోలు, వాటి కింద పూలు, దండాలు, కేకులు. పైకి అంతా సంతోషమే. కాని ఆ ఫోటోల్లో లేని పిల్లలెవరో కూడా గ్రూపులో అందరికీ తెలిసిపోతుంది, ఎందుకంటే ఏ ఇంట్లో ఎవరు టెన్త్‌లో ఉన్నారో మనకి ముందే తెలుసు కదా. బాగా వచ్చినవాళ్ళ పేర్లు పెట్టామంటే రానివాళ్ళ పేర్లు కూడా పెట్టినట్టే. నేను చాలాకాలంగా బరంపురంలో తొమ్మిది, పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తున్నాను, ఈ పద్ధతి ఆగాలి అని గట్టిగా అనుకుంటున్నాను, అందుకే ఇది రాస్తున్నా.

మన పరిస్థితి వేరు అండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాంలో చాలా భాగం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చేశాయి, మన తాతలు కదలకుండానే వేరే రాష్ట్రంలో పడ్డారు. అప్పటినుంచి మనం ఇక్కడ తక్కువమందిమి, అందుకే ఒకళ్ళకొకళ్ళం బాగా దగ్గర. అదే గుడి, అదే కిరాణా కొట్టు, అదే సంఘం, పిల్లలు కూడా ఒకటి రెండు స్కూళ్ళలోనే. సంబంధాలకి బోర్డర్ దాటి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి వెళ్తాం. ఇచ్ఛాపురం మనకి పాతిక కిలోమీటర్లు, ఇక్కడ పొద్దున అనుకున్న మాట సాయంత్రానికి అక్కడ వినిపిస్తుంది. పెద్ద సిటీలో ఐతే ఒక పిల్ల ఫెయిలైతే పక్క ఫ్లాట్‌కి కూడా తెలీదు, ఇక్కడ పదిహేనేళ్ళప్పుడు తప్పిన లెక్కల పేపరు ఇరవైమూడేళ్ళకి పెళ్ళిచూపుల్లో బయటికొస్తుంది.

ఊరికే చెప్పటంలేదు. ఆ మధ్య అటునుంచి ఒకావిడ ఫోన్ చేశారు, పెళ్ళికొడుక్కి మేనత్తట. "మాస్టారూ, ఆ పిల్ల మీ దగ్గర చదివిందట కదా, మెట్రిక్‌లో ఒకసారి ఆగిందట, నిజమేనా?" అని. నేనన్నాను, "అమ్మా, అది ఆ అమ్మాయి చెప్పుకోవాల్సిన సంగతి, నేను చెప్పేది కాదు." "ఐతే తప్పిందన్నమాటే కదా" అన్నారు. "ఫస్టు వచ్చిన పిల్ల గురించి అడిగినా నేను ఇదే చెప్తానమ్మా" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది, పెట్టేశారు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సుగా డ్యూటీ చేస్తోంది, పదిమంది పేషెంట్ల గుట్టు కడుపులో దాచుకుంటోంది, ఆ పిల్ల గుట్టు మాత్రం మనం దాచలేకపోయాం. ఇక్కడ ఒక్క విషయం గమనించండి, మంచి మార్కులైతే చెప్పి, చెడ్డవైతే "నాకు తెలీదు" అన్నామనుకోండి, ఆ తెలీదు అన్న మాటే కబురైపోతుంది. అందుకని దాచటం అంటే రెండూ దాచాలి, లేకపోతే దాచినట్టే కాదు.

ప్రైవసీ అంటే మనకెందుకండీ అది డబ్బున్నవాళ్ళ గొడవ అనేవాళ్ళు మన సంఘంలో చాలామంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి, పుట్టస్వామి కేసులో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కే అని తేల్చింది. తర్వాత ఏడాది ఆధార్ తీర్పులో స్కూల్లో చేర్చుకోవటానికి ఆధార్ తప్పనిసరి అనకూడదని కూడా చెప్పారు. 2023లో వ్యక్తిగత వివరాల రక్షణకి డేటా చట్టం వచ్చింది, అందులో పద్దెనిమిది లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని ఉంది. బానే ఉంది, కాని మన దగ్గర ఆ ఫోటోలు పెట్టేదే తల్లిదండ్రులు కదా! చట్టం అమ్మానాన్నల్ని అడగమంటుంది, నేను ఆ పిల్లని కూడా అడగమంటున్నాను. పదిహేనేళ్ళ పిల్లకి "నీ మార్కులు గ్రూపులో పెట్టనా అమ్మా" అన్న ప్రశ్న అర్థం కాదా, బ్రహ్మాండంగా అర్థమౌతుంది.

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి తెలిసే ఉంటుంది, అక్కడ 1974 నుంచి దీనికి ఒక చట్టం ఉంది, పద్దెనిమిది నిండినా కాలేజీలో చేరినా తన చదువు రికార్డు మీద హక్కు తల్లిదండ్రుల నుంచి స్టూడెంట్ చేతికి వెళ్ళిపోతుంది. దానిమీద ఒక కేసు 2002లో వాళ్ళ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఓక్లహోమాలో ఒక స్కూల్లో టీచరు పిల్లల చేత పేపర్లు మార్పించి, ఒకరివి ఒకరిచేత దిద్దించి, మార్కులు పైకి చదివిస్తున్నారని ఒక తల్లి కేసు వేసింది. మన స్కూళ్ళలో రోజూ జరిగేదే కదా ఇది! కోర్టు ఏమందంటే, టీచరు రిజిస్టర్‌లోకి ఎక్కేదాకా అది స్కూలు రికార్డు కిందికి రాదు, కాబట్టి ఈ చట్టానికి విరుద్ధం కాదు అని. ఆ తల్లి ఓడిపోయింది. నేను మాత్రం మనసులో ఆవిడ పక్షమే. నా ట్యూషన్లో పేపర్లు మార్పించను, మడిచి ఎవరిది వాళ్ళ చేతికిస్తాను. లెక్కల పేపర్లో సున్నా అంటే ఆ పిల్లాడికి ఏ మెట్టు దగ్గర తెగిందో నాకూ వాడికీ తెలియాలి, పక్కవాడికెందుకు తెలియాలి.

ఇప్పుడు రెండో వైపు. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. దాచుకోనివ్వాల్సినవి బజారులో పెడతాం, బయటపెట్టాల్సినవి మాత్రం తాళం వేసి దాస్తాం. పరీక్ష బోర్డులు ఏళ్ళతరబడి దిద్దిన పేపరు చూపించమంటే కుదరదు, అది రహస్యం అనేవి. ఆదిత్య బందోపాధ్యాయ అనే స్టూడెంట్ సీబీఎస్ఈ మీద కేసు వేస్తే 2011లో సుప్రీంకోర్టు, తన ఆన్సర్ పేపరు చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద స్టూడెంట్‌కి ఉంది అంది. ఎంత మంచి తీర్పో చూడండి, నీ పేపరు నువ్వు చూడొచ్చు, దిద్దినవాళ్ళ పేర్లు మాత్రం ఇవ్వక్కర్లేదు. ఎవరికి ఏది తెలియాలో అంత స్పష్టంగా విడదీశారు. మన పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు? మార్కులు తక్కువొస్తే తిట్టేవాళ్ళే గాని ఆ పేపరు తెప్పించి చూద్దాం రా అనే నాన్న నాకు చాలా అరుదుగా కనపడ్డాడు.

అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. పిల్లల మీద ఎవరైనా చెయ్యి వేస్తే, బస్సులో గాని ట్యూషన్లో గాని చుట్టాల ఇంట్లో గాని, మన ఇళ్ళలో మొదట వచ్చే మాట "బయటికి చెప్పకు, పరువు పోతుంది" అని. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో వచ్చిన పోక్సో చట్టం, సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలంటుంది, చెప్పకపోతే అదే నేరం. అదే చట్టం ఆ పిల్ల పేరు, అడ్రస్, ఫోటో, ఇంటివాళ్ళ వివరాలు, స్కూలు పేరు మీడియాలో రాకూడదని కూడా అంటుంది. చెప్పాలి, దాచాలి, రెండూ ఒకే చట్టంలోనే ఉన్నాయి. చెప్పాల్సింది చెప్పాల్సిన చోట చెప్పడం, పేరు మాత్రం ఊరికి తెలియనివ్వకపోవడం. మన వాళ్ళు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు, పోలీసుకి చెప్పరు, పిన్నికీ అత్తకీ పక్కింటావిడకీ మాత్రం గుసగుసగా చేరిపోతుంది.

అందుకే ఏ పిల్లలైనా నా దగ్గరికి వచ్చి "సార్ ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అంటే నేను ఒట్టు వెయ్యను. "నీకు గాని ఇంకెవరికి గాని ప్రమాదం ఉన్న సంగతైతే చెప్పాల్సినవాళ్ళకి చెప్తాను, ఎవరికి చెప్తున్నానో ముందు నీకు చెప్పే చెప్తాను. మిగతాది ఏదైనా నా దగ్గరే ఉంటుంది" అంటాను. ఇలా అంటే పిల్లలు నోరు విప్పరేమో అనుకుంటారు, కాని ఒక నిమిషం నేలకేసి చూసి అప్పుడే చెప్పేస్తారు, ఎక్కువమంది. కష్టంలో ఉన్న పిల్లలకి సాయం చేసే హెల్ప్‌లైన్ 1098 నంబరు నా గదిలో గోడమీద రాసి ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ.

పిల్లలు కోరుకునే చాటు గురించి, ఫోన్ల గురించి కూడా ఒక మాట. నాయనమ్మ దగ్గర పిల్లలు ఒడియాలోకి మారిపోతారు, ఆవిడకి అర్థం కాకుండా, ఒడియా ఫ్రెండ్స్ దగ్గర ఇంటి గొడవ మాట్లాడాలంటే అమ్మలు తెలుగులోకి మారిపోతారు, ఐనా బరంపురంలో కూరగాయలమ్మే ఆవిడకి కూడా రెండూ వచ్చు. ఆ వయసులో పిల్లలకి కాస్త చాటు కావాలి, దాన్ని దొంగతనం కింద లెక్కేయకండి. పదేళ్ళ పిల్లాడి ఫోను చూడటం వేరు, పదిహేడేళ్ళ పిల్ల నిద్రపోయాక ఆమె వేలితో లాక్ తీయటం వేరు. గుణుపూర్ నుంచి వైజాగ్, విజయవాడ హాస్టళ్ళకి పంపిన పిల్లల సంగతి ఇంకా కష్టం, వారం వారం ర్యాంకు నాన్న ఫోనుకి మెసేజ్‌గా వస్తుంది, కాని వాడు అన్నం తింటున్నాడో, రాత్రిళ్ళు నిద్ర పడుతోందో ఆ మెసేజ్‌లో ఉండదు. ఆదివారం ఫోన్లో వాడు "బానే ఉన్నా" అంటాడు. ర్యాంకు అడగకుండా ఒక్క వారం మాట్లాడి చూడండి, వాడు ఏం చెప్తాడో వినండి.

మన సంఘం పెద్దలకి నా విన్నపం ఇది. ఈసారి ప్రతిభా పురస్కారాలకి పేర్లు తీసుకునేటప్పుడు ఆధార్ జిరాక్స్ అడగొద్దు, మార్కుల కాగితం చూసి వెనక్కి ఇచ్చేయండి. ఫారంలో తల్లిదండ్రుల సంతకం పక్కన పిల్లల సంతకం కూడా పెట్టించండి, పేరు, ఫోటో గ్రూపులో వేయొచ్చా వద్దా అని వాళ్ళనే రాయమనండి. వద్దన్న పిల్లలకి బహుమతి ఇంటికి వెళ్ళి ఇద్దాం, నేను వస్తాను. పోయిన ఏళ్ళ ఫారాలు ఆఫీసు బీరువాలో ఇంకా కట్టలుగా ఉన్నాయి, వాటిని ఉగాది లోపు చించేయాలి.