సవరణ: గూగుల్ ఇచ్చే ఉచిత సైటు ఇప్పుడు లేదు

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్ గురించి పోయిన వారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివి పని మొదలుపెట్టినవాళ్లు మన్నించాలి.

మొదటిది పెద్దది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోనే (గూగుల్ మ్యాప్‌లో మన షాపు వివరాలు చూపించే పేజీ) ఉచితంగా సైటు తయారుచేసుకోవచ్చని రాశాను. ఆ సదుపాయాన్ని గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. పాత సైటు చిరునామా కొట్టినవాళ్లను జూన్ 10 వరకు ప్రొఫైల్‌కి మళ్లించి, తర్వాత అదీ తీసేసింది. విజిటింగ్ కార్డు మీద, సంచుల మీద ఆ పాత చిరునామా ఇంకా ఉంటే మార్పించండి. మ్యాప్‌లో కనిపించే ప్రొఫైల్ మాత్రం అలాగే ఉంది, ఉచితమే. సైటు కావాలంటే సొంత డొమైన్, అంటే సైటుకి సొంత చిరునామా, కొనుక్కోవడం మంచిది. అది మీ పేరు మీదే, మీ ఈమెయిల్‌తోనే రిజిస్టర్ అవ్వాలి. సైటు చేసిపెట్టే కుర్రాడి పేరు మీద వద్దు.

రెండోది, ధరల పట్టిక ఫోటో తీసి పెడితే చాలన్నాను. చాలదు. ఆత్రేయపురం పూతరేకులు అమ్మే మా పిన్ని సైటు నా ఫోన్‌లో తెరిచి చూశాను. బెల్లం రేకుల ధర చదవడానికి రెండు వేళ్లతో లాగి పెద్దది చేయాల్సి వచ్చింది. కింద నంబరు కూడా బొమ్మలోనే ఉంది, నొక్కితే కాల్ వెళ్లలేదు. ధరలు, నంబరు, షాపు వేళలు టైపు చేసే పెట్టండి. నంబరుకు +91 చేర్చి కాల్ లింకు ఇవ్వండి. ఫోటోలు సరుకుకే ఉంచండి.

పిన్ని సైటులో నిన్న రాత్రే మార్చాం.