సవరణ: ఈక్వటోరియల్ గినీ మహిళల ఫుట్‌బాల్ జట్టు గెలిచింది రెండు కప్పులే

20 లక్షల జనాభా కూడా లేని ఈక్వటోరియల్ గినీ 2008, 2010, 2012లలో వరుసగా మూడుసార్లు ఆఫ్రికా మహిళల ఛాంపియన్‌ అయిందనీ, 2011 ప్రపంచకప్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదనీ ముందటి పోస్టులో రాశాం. రెండూ తప్పే. రన్నరప్‌ను విజేతగా లెక్కేయడం మా పొరపాటు.

ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య ఫలితాలు, ఫిఫా మ్యాచ్ రిపోర్టుల ప్రకారం ఆ దేశం గెలిచినవి రెండు కప్పులు. రెండూ సొంతగడ్డ మీదే, రెండు ఫైనళ్లలోనూ ప్రత్యర్థి దక్షిణాఫ్రికాయే: 2008లో 2-1, 2012లో 4-0. నైజీరియా కాకుండా ఆ కప్పు అందుకున్న తొలి జట్టు ఇదే, చిన్న మాట కాదు. 2010 ఫైనల్లో మాత్రం నైజీరియా చేతిలో 2-4తో ఓడింది. అయినా ప్రపంచకప్ బెర్తు తెచ్చింది ఆ ఓడిన ఫైనలే, ఎందుకంటే ఫైనలిస్టులిద్దరికీ అవకాశం దక్కింది.

జర్మనీలో జరిగిన ఆ 2011 ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడింది: నార్వేతో 0-1, ఆస్ట్రేలియాతో 2-3, బ్రెజిల్‌తో 0-3. ఆస్ట్రేలియాపై రెండు గోల్సూ కెప్టెన్ జెనోవేవా అన్యోన్మావే. ఆమె పేరు చెప్పకుండా ఈ జట్టు గురించి రాయడమే అన్యాయం.

ఇంకొకటి. ఈ జట్టుకు ఆడిన బ్రెజిల్ క్రీడాకారిణుల గురించి ముందటి పోస్టులో "బ్రెజిల్ అమ్మాయిలు" అన్న మా మాటను కొందరు జట్టంతా విదేశీయులే అని అర్థం చేసుకున్నారు. అలా కాదు, కొందరే. వేరే దేశానికి ఆడాలంటే, ఆ దేశంతో పుట్టుక, తల్లిదండ్రులు, తాతామామ్మల సంబంధం లేకుంటే 18 ఏళ్లు నిండాక ఐదేళ్లు అక్కడే నివసించాలని అప్పటి ఫిఫా నియమం. పాస్‌పోర్టు ఒక్కటే సరిపోదు. అర్హత లేని క్రీడాకారిణులను ఆడించినందుకే 2019 ప్రపంచకప్ నుంచి ఆ దేశాన్ని ఫిఫా తప్పించింది.