హోలోగ్రామ్ లేని పాపం

గంజాయి చేసిన నేరమేమిటో కొంతకాలంగా శ్రద్ధగా పరిశీలిస్తున్నాను. తాగితే బుర్ర పాడవుతుందన్నారు. నిజమే, పాడవుతుంది. చదువుకునే పిల్లలు చెడిపోతున్నారన్నారు. అదీ నిజమే, ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. కానీ ఈ రెండు గుణాలూ క్వార్టర్ సీసాకీ దండిగా ఉన్నాయి కదా, దానికి షాపు, బోర్డు, లైటింగు, దీనికి మాత్రం జైలెందుకని ఆలోచిస్తే చివరికి ఒక్కటే తేడా దొరికింది. సీసా మూత మీద ఎక్సైజ్ వారి హోలోగ్రామ్ ఉంటుంది. గంజాయి పొట్లం మీద ఉండదు.

ఇదేదో చిన్న తేడా అనుకుని తీసిపారెయ్యకండి. మత్తు పదార్థాలను ప్రభుత్వం నిషేధించాలా వద్దా అని టీవీల్లో గొంతులు చించుకునే పెద్దమనుషులు వ్యక్తి స్వేచ్ఛ అనీ సమాజ శ్రేయస్సు అనీ ఏవేవో మాట్లాడతారు గానీ, అసలు సంగతి ఈ స్టిక్కర్ దగ్గరే ఉంది. ఖజానాకు జమపడే మత్తు ఆదాయం. జమపడనిది నేరం. ఇంత చక్కని సిద్ధాంతం కళ్ళముందు పెట్టుకుని ఇంకా చర్చలేమిటండీ?

చట్టం కూడా ఏమీ తేలిగ్గా రాసింది కాదు. మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది, బాలల దినోత్సవం కానుకగా. దాని ప్రకారం కిలో దాకా గంజాయి ఉంటే చిన్న మొత్తం, ఏడాది వరకు జైలు. ఇరవై కిలోలు దాటితే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. ఇంకా గొప్ప విషయం, గంజాయి అంటే ఆ చెట్టు పూత, కాత ఉన్న కొసలు మాత్రమే. విడిగా ఉన్న ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే వారణాసిలో అదే చెట్టు ఆకుతో చేసిన భంగు లైసెన్సు షాపులో అమ్ముతారు. ఆకు భక్తి, పువ్వు నేరం. చెట్టు పూత పూయకుండా బుద్ధిగా ఆకులేసుకుని ఉంటే దానికి ఈ కష్టాలే ఉండేవి కావు.

అంతకుముందు మన దేశంలో గంజాయికీ లైసెన్సు షాపులుండేవి. బ్రిటిష్ పార్లమెంటులో ఎవరికో అనుమానం వచ్చి విచారణ జరిపించమంటే, 1893లో ఇక్కడొక కమిషన్ వేశారు. వాళ్ళు వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, సంపుటాలకు సంపుటాలు రాసి, మితంగా వాడితే పెద్ద ప్రమాదం లేదు, పూర్తి నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టుకోండని తేల్చారు. తెల్లవాళ్ళ సంగతి తెలిసిందే, పన్ను దగ్గర పొరపాటు చెయ్యరు. మనవాళ్ళు గంజాయి విషయంలో ఆ పాఠం వదిలేసి, మందు విషయంలో మాత్రం కంఠతా పట్టారు.

ఎంత బాగా పట్టారో చూడాలంటే మన చరిత్రే చాలు. 1980లలో పల్లెపల్లెకూ మంచినీళ్ళు అందాయో లేదో గానీ సారా ప్యాకెట్లు మాత్రం అందాయి. ఆ పథకానికి వారుణి వాహిని అని పేరు కూడా పెట్టారు. పేరు వింటే ఏదో సాగునీటి కాలువ అనుకుంటాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మాకొద్దని తిరగబడ్డారు. సారా వేలంపాటలు జరిగే చోటికి చీపుర్లు, కారప్పొడి పట్టుకుని వెళ్ళారు. చదువు నేర్పుదామని పెట్టిన రాత్రిబడుల్లో వాళ్ళు నేర్చుకున్న మొదటి పాఠం అదే అయింది. అక్షరాస్యత వల్ల ఖజానాకు ఇంత ముప్పు ఉంటుందని అధికారులు ఊహించలేదు పాపం. 1993లో సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో అదీ పోయింది. ఖజానాకు రెండేళ్ళ ఉపవాసం చాలనిపించింది.

తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దశలవారీ నిషేధమన్నారు. ముందు షాపులను ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. నిషేధించాల్సిన సరుకును సొంత గుమాస్తాలతో అమ్మించడమే మొదటి దశ కాబోలు. లాక్‌డౌన్ సడలించగానే 2020 మేలో షాపులు తెరిచి ఒకటి రెండు రోజుల్లోనే ధరలు 75 శాతం పెంచారు, తాగేవాడికి మాన్పించడానికే సుమా. క్యూలు కిలోమీటర్లు సాగితే విశాఖ జిల్లాలో వాటిని సర్దడానికి టీచర్లకు డ్యూటీ వేశారు. బడిలో వరసలో నిలబెట్టిన మాస్టారే మళ్ళీ వైన్ షాపు ముందు వరసలో నిలబెడుతుంటే, పాత విద్యార్థులకు గురుభక్తి పొంగి ఉంటుంది. ధర అందని వాళ్ళ సంగతా? ఆ జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఈ వాక్యంలో వ్యంగ్యం పెట్టడం నాకు చేతకాలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది 2022 నాటి ముచ్చట. ఒకవైపు నిషేధం హామీ అలాగే ఉంది. ఇంకోవైపు మందు వ్యాపారం చూసే ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ రాబోయే ఏళ్ళ మందు ఆదాయాన్ని చూపించి ఎనిమిది వేల కోట్ల రూపాయలకు పైగా బాండ్ల రూపంలో అప్పు తెచ్చింది. అంటే ఇంకా మీసాలు మొలవని కుర్రాడు భవిష్యత్తులో తాగబోయే క్వార్టర్లు కూడా ముందే తాకట్టులోకి వెళ్ళాయన్నమాట. 2024లో ప్రభుత్వం మారింది, షాపులు మళ్ళీ ప్రైవేటు చేతికి వెళ్ళాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. ఒకరు ధర పెంచి సంస్కరించారు, ఇంకొకరు తగ్గించి సంస్కరించారు. తాగేవాడు మాత్రం రెండుసార్లూ గ్రిల్లులోంచి చెయ్యి పెట్టాడు.

ఆ షాపుల కోసం జరిగే లక్కీ డ్రాలు చూశారా? ఆంధ్రలో 2024లో 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి తిరిగిరాని ఫీజు 2 లక్షలు. తెలంగాణలో 2023లో 2,620 షాపులకు లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. సీసా మూత తియ్యకుండానే 2,600 కోట్లు వచ్చిపడ్డాయి. రెండేళ్ళకు తెలంగాణలోనూ 2 లక్షలున్న ఆ ఫీజును 3 లక్షలు చేశారు. ఫంక్షన్ హాల్లో కలెక్టరుగారు డబ్బాలోంచి నంబరు తీసి చదువుతుంటే కింద కుర్చీల్లో బీపీ టాబ్లెట్లు మింగుతూ కూర్చున్నవాళ్ళ టెన్షన్ ఏ సివిల్స్ అభ్యర్థికీ ఉండదు. తెలంగాణలో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 రిజర్వేషన్ కూడా ఉంది. సామాజిక న్యాయం ఇంత పకడ్బందీగా అమలయ్యే శాఖ ఇంకొకటి ఉంటే చూపించండి.

ఇప్పుడు గంజాయి వైపు చూడండి. ఎంత అనాథ సరుకు! డిపో లేదు, డ్రా లేదు, కలెక్టరు లేడు. విశాఖ మన్యంలో చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు లోయల్లో రైతు వేస్తాడు. పెట్టుబడి బయటినుంచి వచ్చిన షావుకారుది, చేను గిరిజనుడిది, కేసు కూడా గిరిజనుడిదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఏకంగా 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు. రెండు లక్షల కిలోలంటే ఎన్ని లారీలు, ఎన్ని చెక్‌పోస్టులు, ఎంతమంది పెద్దలు! కానీ జైలు గేటు దగ్గర చూస్తే బ్యాగు మోసినందుకు నాలుగైదు వేలు వస్తాయని ఆశపడ్డ కుర్రాళ్ళు, బస్సు సీటు కింద పార్సిల్ పెట్టుకున్న ఆడమనిషి. సరుకు యజమాని ఎప్పుడూ పరారీలోనే ఉంటాడు. చార్జిషీటులో ఆయన శాశ్వత చిరునామా అదే.

తులసివనంలో గంజాయి మొక్క అన్నారు పెద్దలు. తులసివనంలో వైన్ షాపు అని ఎవరూ అనలేదు. గుడికీ బడికీ ఇన్ని మీటర్ల దూరంలో పెట్టుకోవచ్చని దానికి రూలే ఉంది కాబట్టి.

విదేశాల్లో అలా చేశారు, ఇలా చేశారని కొందరు మేధావులు బయల్దేరతారు. పోర్చుగల్‌లో 2001 నుంచి సొంతానికి వాడేవాణ్ణి జైలుకు పంపకుండా వైద్యం, సలహా చెప్పేవాళ్ళ ముందుకు పంపుతున్నారు. మత్తు అక్కడ సక్రమం కాలేదు, నేరం మాత్రం కాదు. అమెరికాలో ఆరెగాన్ వాళ్ళు 2020లో ఓటేసి ఆ దారి పట్టారు గానీ, చికిత్స ఏర్పాట్లు సరిగ్గా చేసుకోకుండా దిగి 2024లో వెనక్కొచ్చారు. అంటే ఆ పద్ధతిలో డాక్టర్లు కావాలి, కౌన్సెలర్లు కావాలి, పడకలు కావాలి. అన్నీ ఖర్చులే. వచ్చేది పైసా లేదు. నిషేధం అలా కాదు, ఒక జీవో, ఒక ప్రెస్‌మీట్, బల్ల మీద ప్యాకెట్లు, వెనక మాస్కులేసిన నలుగురు. మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోతుంది.

మరి వాడకం తగ్గుతుందా అని అడిగే అమాయకులున్నారు. హైదరాబాదు కల్లు కాంపౌండ్లలో కొన్నిచోట్ల చెట్టెక్కకుండానే కల్లు ఎలా తయారవుతోందో కనుక్కోండి. నీళ్ళు, చక్కెర, ఆల్ప్రాజోలం అనే మత్తుమాత్ర. ఆ మాత్ర కూడా 1985 చట్టం పరిధిలోదే. 2025 జూలైలో కూకట్‌పల్లిలో అలాంటి కల్లు తాగి మనుషులు పోయారు. పొద్దంతా కూలిచేసి పాతిక, యాభై పెట్టి సీసా తాగిన అవ్వకు తనకు పట్టింది కల్లు అలవాటు కాదనీ మందుబిళ్ళ అలవాటనీ తెలియనే తెలియదు. ఆవిడ నిషేధంలో ఉందా, లైసెన్సులో ఉందా? రెండింట్లోనూ ఉంది.

ఇంతా విని ఒక మిత్రుడు, ఏది ఎంత హాని చేస్తుందో కొలిచి దాన్ని బట్టి కదా నిషేధించాలి అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ కొలవడం మొదలుపెడితే ముందు తక్కెట్లోకి ఎక్కేది సీసాయే. అది నిజంగా తగ్గిపోతే, తాగబోయేవాళ్ళను నమ్మి అప్పిచ్చిన బాండుదారులకు వడ్డీ ఎవరు కడతారు? కాబట్టి కొత్త సంవత్సరం నుంచి మందు మానేద్దామనుకుంటున్న అన్నదమ్ములు ఆ నిర్ణయం తీసుకునేముందు ఒక్కసారి ఆర్థిక శాఖకు రాసి అనుమతి తెచ్చుకోవలసిందిగా మనవి. దరఖాస్తు ఫీజు ఎంతో వాళ్ళే చెబుతారు.