ఇంజను అడ్డొచ్చిన ఫోటోలు

బ్రిటిష్ రైల్వేల డీజిల్ కాలం నాటి పాత ఫోటోల మీద నాకో ఫిర్యాదు ఉంది. చాలాకాలంగా కడుపులో పెట్టుకున్నాను, ఇక ఆగలేక రాతపూర్వకంగా సమర్పించుకుంటున్నాను. ఆ ఫోటోల్లో ఏది తీసుకున్నా ఒక డీజిల్ ఇంజను అడ్డంగా నిలబడి ఉంటుంది. దానివల్ల వెనకాల ఏముందో కనబడదు.

ఈ సంగతి నాకు మొదట తెలిసొచ్చింది ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో, మా పక్కింటి పెద్దాయన ముందుగదిలో. ఆయనకి డెబ్భై దాటాయి. రైలింజన్ల కార్ఖానా చుట్టూ పెరిగిన ఊరు అది. ఆ వయసు మగవాళ్ల అటక మీద స్లైడ్ల డబ్బాలు ఉండటం, మన ఇళ్ల అటక మీద ఇత్తడి గుండిగలు ఉన్నంత సహజం. చలికాలంలో నెలకోసారి నలుగురైదుగురు స్నేహితులు ఆయనింట్లో చేరతారు. ప్రొజెక్టరు పెట్టి, లైట్లార్పి, బిస్కెట్లు పంచుకుని, ఎవరి ఫోటోలు వాళ్లు మిగిలినవాళ్లకి చూపిస్తారు. కార్తీక పురాణం వింటున్నంత నిష్ఠగా కూర్చుంటారు. మధ్యలో లేవకూడదు. పక్కింటివాణ్ణని జాలిపడి ఒకసారి నన్నూ పిలిచారు.

మొదటి స్లైడు. నీలం రంగు ఇంజను, పసుపు ముఖం. దాని ముక్కు పక్కనుంచి ఒక ఆడమనిషి సగం కనబడుతోంది. ఆమె చంకలో సగం పిల్లాడు. ఆ వెనకాల సగం టీకొట్టు, దానికి వేలాడుతూ సగం ధరల పట్టిక.

"ఆవిడెవరండీ?" అన్నాను.

"నలభై ఏడో తరగతి. బ్రష్ కంపెనీ వాళ్లది," అన్నారాయన.

"ఇంజను గురించి కాదండీ, ఆవిడ గురించి."

ఆయన తన ఫోటోని తనే మొదటిసారి చూస్తున్నట్టు కాసేపు చూశారు. "ఓ, ఆవిడా! అడ్డొచ్చింది. జరగమ్మా అన్నాను, జరగలేదు."

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ తరగతి ఇంజన్లు మొత్తం 512 కట్టారు. ఒకటి పోతే వెనకే ఇంకొకటి, అచ్చు దాని పోలికే, నంబరు తప్ప తేడా ఉండదు. ఆవిడ ఒక్కతే.

ఈ మొత్తం వ్యవహారానికి మూలం 1955లో ఉంది. ఆ ఏడాది బ్రిటిష్ రైల్వేలు ఒక ఆధునికీకరణ ప్రణాళిక ప్రకటించాయి. ఖర్చు 124 కోట్ల పౌన్లు. ఆవిరి పోవాలి, డీజిలూ కరెంటూ రావాలి. ముందు కొద్ది ఇంజన్లు చేయించి, కొన్నేళ్లు నడిపి చూసి, మంచివి ఏరుకుందాం అనుకున్నారు. అంతలోనే శుభస్య శీఘ్రం అనుకున్నారు. పంక్తి భోజనంలో గారెలు వడ్డించినట్టు కంపెనీకి కాసిని చొప్పున ఆర్డర్లు పంచేశారు. మెట్రోపాలిటన్ వికర్స్ వాళ్లు కట్టిన 20 ఇంజన్లకి ఒక కొస ఆరు చక్రాలు, ఇంకో కొస నాలుగు. నడుస్తూ ఉండగా ముందు అద్దాలు ఊడిపడేవట. పదేళ్లకే మూలకి చేరాయి. క్లేటన్ రకం 117 వచ్చాయి, 1971 చివరికి వాటిలో ఒక్కటీ పనిలో లేదు. ఇంకా చిత్రం స్విండన్ రైలు కార్ఖానాలో జరిగింది. దగ్గరి ఊళ్ల మధ్య చిన్నా చితకా గూడ్సు పనుల కోసం 1964, 65ల్లో 56 ఇంజన్లు కట్టారు. అవి తయారై బయటికొచ్చేసరికి ఆ గూడ్సంతా లారీలెక్కి రోడ్డున పోతోంది. ఐదేళ్లు తిరక్కుండా అవన్నీ కొలువు పోగొట్టుకున్నాయి, చాలావాటిని బొగ్గు గనులకీ ఉక్కు ఫ్యాక్టరీలకీ అమ్మేశారు.

ఇప్పుడు ఆ ముందుగదిలో వీటిలో ఏ ఒక్కటి తెర మీదకొచ్చినా పెద్దమనుషులు ముక్కు చీదుకుంటారు. అప్పట్లో మాత్రం వాటిని చూస్తే కెమెరా మూత బిగించేవారు.

ఎందుకంటే అప్పుడు వాళ్ల ఏడుపు వేరే చోట ఉంది. 1968 ఆగస్టు 11న మెయిన్ లైన్ మీద ఆవిరి బండికి వీడ్కోలు పలుకుతూ లివర్‌పూల్ నుంచి కార్లైల్ దాకా, మళ్లీ వెనక్కి, ఒక ప్రత్యేక రైలు నడిపారు. టికెట్టు 15 గినీలు, అంటే 15 పౌన్ల 15 షిల్లింగులు. దారి పొడుగునా గట్లనిండా జనం, వంతెనల నిండా కెమెరాలు. మా పెద్దాయన అప్పుడు పద్నాలుగేళ్ల పిల్లాడు, నాన్న భుజం పక్కన నిలబడి నాన్న ఏడవడం మొదటిసారి చూశారట. ఆ తర్వాత నాన్న కెమెరా బీరువాలోకి వెళ్లిపోయింది. రీలుకి 36 ఫోటోలు. కొనడానికో ఖర్చు, కడిగించడానికో ఖర్చు. పొగ వదలడం కూడా సరిగ్గా చేతకాని ఇనప్పెట్టె మీద అందులో ఒకటి తగలేస్తామా?

కన్నీళ్లు ఆరనివాళ్లు సౌత్ వేల్స్‌లో బారీ అనే ఊరికి పోయారు. అక్కడొక తుక్కు వ్యాపారి దగ్గర ఆవిరి ఇంజన్లు తుప్పు పడుతూ ఉండేవి. 297 చేరితే అందులో 213ని చందాలెత్తి మరీ విడిపించుకున్నారు. కొందరు ఇంకా దూరం వెళ్లారు, మన దేశానికీ వచ్చారు. డబ్ల్యూపీ, వైపీ అనే మన ఆవిరి ఇంజన్లని రీళ్ల కొద్దీ నింపుకుపోయారు. పక్క లైన్లో డీజిలు ఉంటే అది ఇక్కడా వాళ్ల కంటికి ఆనలేదు. మనకైతే రెండూ ఆనలేదనుకోండి. పెరటి చెట్టు మందుకి పనికిరాదు, పైగా మనవైపు స్టేషన్లో కెమెరా బయటికి తీస్తే ముందు అనుమతి కాగితం చూపించాల్సిన రోజులు.

అయితే దేనికైనా ఒక టైము వస్తుంది. డీజిల్ కూడా పోవడం మొదలుపెట్టింది. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరొచ్చినట్టు, అప్పుడు తెలిసింది దాని విలువ. డెల్టిక్ అని 22 ఇంజన్లు ఉండేవి. నౌకాదళం వేగపు పడవల్లో వాడే రకం యంత్రాలు, ఒక్కో ఇంజనులో రెండేసి, యంత్రానికి 18 సిలిండర్లు, మొత్తం 3,300 హార్స్‌పవర్. లండన్ కింగ్స్‌క్రాస్ నుంచి ఎడిన్‌బరాకి గంటకి 100 మైళ్ల వేగంతో పోయేవి. కొన్నిటికి పందెం గుర్రాల పేర్లు, కొన్నిటికి సైనిక పటాలాల పేర్లు పెట్టారు. 1982 జనవరి 2న వాటి ఆఖరి ప్రయాణం. ఆ రోజు కింగ్స్‌క్రాస్‌లో కాలు పెట్టే సందు లేదు. 1968లో ఏడ్చినవాళ్ల కొడుకులూ తమ్ముళ్లూ వచ్చి ఏడ్చారు. మా పెద్దాయన వరసలో రెండో ఏడుపుకి కూడా హాజరు. ఈసారి కెమెరా ఆయన చేతిలోనే ఉంది.

ఇక ఈ ఫోటోలు పంచుకునే తంతు గురించి చెప్పాలి, అసలు విందు అక్కడే ఉంది. ఒక ఫోటో తెర మీద పడగానే ఎవరూ "బాగుంది" అనరు. "ఎప్పుడిది?" అంటారు. తీసినాయన "1975 వేసవి" అంటాడు. గదిలో నిశ్శబ్దం. తర్వాత వెనక కుర్చీలోంచి ఒక దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గు వినిపించిందంటే ఇక రాత్రి భోజనం ఆలస్యమైనట్టే.

మన శాసన పరిశోధకులు ఒక రాతి మీది ఒక్క అక్షరం పట్టుకుని శతాబ్దాలు నిర్ణయిస్తారు కదా, ఇదీ ఆ విద్యే. ఇంజను నుదుటి మీద నాలుగు గళ్లలో అంకెలూ అక్షరాలూ ఉండేవి. మొదటి అంకె 1 అయితే ఎక్స్‌ప్రెస్, 2 అయితే ఊరూరా ఆగే బండి. తర్వాతి అక్షరం ఎటు పోతోందో చెబుతుంది. స్కాట్లండ్ వైపైతే ఎస్, పశ్చిమానికైతే వి. 1976 జనవరిలో ఈ పద్ధతి ఎత్తేసి, నాలుగు గళ్లలోనూ సున్నాలు పెట్టారు. కాబట్టి నుదుటి మీద నాలుగు సున్నాలున్న ఇంజనుని 1975 అన్నవాడు పరువు పోగొట్టుకుంటాడు. అన్నవాడు ఊరుకోడు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ ఇంజనుకి సున్నాలు ముందే పెట్టారంటాడు. అప్పుడు ముఖం చూస్తారు. డీజిల్ బండి చప్పుడు చెయ్యకుండా వచ్చి మీద పడుతోందని, పట్టాల మీద పనిచేసేవాళ్లకి దూరం నుంచి కనబడాలని, 1960ల మొదట్లో ఇంజను ముందు చిన్న పసుపు పట్టీ వేశారు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి మంగళస్నానానికి కూర్చున్న పెళ్లికూతురిలా ముఖమంతా పసుపే. ఒంటి మీద ఆకుపచ్చ ఉందా, 1965లో మొదలైన నీలం ఉందా చూస్తారు. నంబరు ముందు ఇంగ్లిష్ డి ఉందా చూస్తారు. ఆ డి ఆవిరి ఇంజన్ల నుంచి వేరు చేయడానికి పెట్టింది, 1968లో ఆవిరే పోయాక ఎవరి నుంచి వేరు చేస్తారని దాన్నీ వదిలేశారు.

తర్వాత కంప్యూటరొచ్చింది. అన్నిటికీ కొత్త నంబర్లు వేసింది. డెల్టిక్కుల్లో పెద్దదాని పాత నంబరు 9000. కొత్త లెక్కలో 55 పక్కన మూడు సున్నాలు రావాలి, మూడు సున్నాలు తీసుకోనని కంప్యూటరు మొండికేసింది. దాంతో ఇంటికి పెద్దకొడుకుని తీసుకెళ్లి తమ్ముళ్లందరి వెనకాల నిలబెట్టి 55022 అన్నారు. ఈ అన్యాయం గురించి ఆ గదిలో మాట్లాడుతున్నప్పుడు నవ్వకూడదు. నేను నవ్వాను. బిస్కెట్ల ప్లేటు నా దాకా రావడం ఆగిపోయింది.

ఈ వాదనలు జరుగుతున్నంతసేపూ ఆ ఫోటోలో వెనక గోడ మీద ఒక సినిమా పోస్టరు ఉంది. స్టేషను బయట కార్లున్నాయి, ఒక కారు నంబరు పలక కనబడుతోంది, అందులో చివరి అక్షరాన్ని బట్టి కారు ఏ ఏడాది కొన్నారో తెలుస్తుంది. అదే మాట పైకి అన్నాను. "కారుదేముందండీ," అని కొట్టిపారేశారు.

ఫోటో తీయడానికీ వాళ్లకో వాస్తు ఉంది. సూర్యుడు తీసేవాడి భుజం వెనక ఉండాలి. ఇంజను ముఖమూ ఒక పక్కా కలిపి ముప్పావు వంతు కనబడాలి. చక్రాల దగ్గర్నుంచి కప్పు దాకా ఏదీ తెగకూడదు. మనిషి, తోపుడుబండి, స్తంభం, నీడ ఏవీ అడ్డు రాకూడదు. ఇంగ్లండులో సూర్యుణ్ణి భుజం వెనక్కి రప్పించడం మానవమాత్రుల వల్ల కాదు కాబట్టి, నూటికి తొంభై ఫోటోల్లో ఆకాశం తడిసిన సిమెంటు బస్తాలా ఉంటుంది. ఇప్పుడు వాటిని స్కాన్ చేసి నలుగురికీ పంపేటప్పుడు ఎవరైనా కాజేస్తారేమోనని టెన్షన్. అందుకని తీసినవారి పేరు సరిగ్గా బొమ్మ నడుమ, బోగీ అంత పొడవున అచ్చేస్తారు. ఆ పేరు వల్ల ఇంజను కూడా కనబడదు. నాకదొక్కటే కొంచెం న్యాయంగా అనిపించింది.

అసలు ఫిర్యాదు ఇంకా పూర్తికాలేదు. అంత శ్రద్ధగా ఫోటోలు తీసిన ఆ ఇంజన్లు పోలేదు. 22 డెల్టిక్కుల్లో 6 బతికే ఉన్నాయి. పశ్చిమాన తిరిగిన వెస్టర్న్ తరగతిలో 74కి 7 ఉన్నాయి. ముప్పై ఏడో తరగతిని చప్పుడు విని ట్రాక్టరని పిలుస్తారు, వాటిలో కొన్ని ఇప్పటికీ కూలికెళ్తున్నాయి. ఎవరైనా ఆదివారం టికెట్టు కొని వెళ్లి ముట్టుకోవచ్చు. రంగులు అప్పటికన్నా బాగున్నాయి, నూనె మరక కనబడదు.

పోయిందంతా వాటి వెనకాల ఉన్నది. 1963 మార్చిలో రైల్వే బోర్డు అధ్యక్షుడు బీచింగ్ ఇచ్చిన నివేదిక మూసెయ్యమన్న స్టేషన్లు 2,363. అన్నీ మూయలేదు గానీ మూసినవాటికి లెక్క తక్కువేం కాదు. తపాలా సంచులు విసురుకునే మనుషులు లేరు, రాత్రంతా ఉత్తరాలు వేరుచేస్తూ పరుగెత్తిన తపాలా రైళ్లు 2004లో ఆగిపోయాయి. డాన్‌కాస్టర్ చుట్టూ బొగ్గు గనులు లేవు, బొగ్గు వ్యాగన్ల వరసలు లేవు. చెయ్యి వాల్చే సిగ్నళ్లు చాలామటుకు పోయాయి. ఎవరినైనా బండెక్కించడానికి వచ్చినవాళ్లు కొనే ప్లాట్‌ఫారం టికెట్టు దాదాపు పోయింది. ఆ టీకొట్టు ఎప్పుడు మూశారో మా పెద్దాయనకే గుర్తులేదు. నలభై ఏళ్లపాటు వీటన్నిటినీ "కాస్త జరగండి" అని పక్కకి తోలి, దాచిపెట్టకపోయినా ఉండే వస్తువుని భద్రంగా దాచిపెట్టారు.

నేను చెబితే వింటారా? ఇప్పుడు పేసర్ల మీద పడ్డారు. 1980ల్లో డబ్బులు చాలక, బస్సు భాగాలు తెచ్చి నాలుగు చక్రాల చట్రం మీద బిగించి రైలన్నారు. మలుపు తిరిగితే కీచుమని అరిచేది, ఎక్కినవాడి నడుము చెప్పేది మిగతా కథ. ఇంగ్లండంతా తిట్టుకుంటూ ఎక్కింది. 2020 దాటాక అవి పోయాయో లేదో, కొందరు కొనుక్కుని షెడ్లు కట్టించి కొలుస్తున్నారు. ఆ కీచుమనే చప్పుడు రికార్డు చేసినవాడికి మొన్న ముందుగదిలో రెండోసారి టీ పోశారు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక పెద్దాయన్ని అడిగాను, "మీ దగ్గర పాడైపోయిన ఫోటోలు ఉంటాయాండీ?" అని. ఆయనకి అవమానంగా తోచినట్టుంది. అయినా అటకెక్కి ఒక చెప్పుల డబ్బా దించారు. పైన పెన్సిలుతో "పనికిరానివి" అని రాసుంది. తీసేలోపే బండి వెళ్లిపోయినవి, చెయ్యి కదిలినవి, పొరపాటున నొక్కుకున్నవి.

ఒకటి తీసి లైటుకి ఎత్తి చూశాను. ఇంజను లేదు. కుడివైపు అంచున బఫర్ ముక్క మాత్రం ఉంది. మిగతా బొమ్మంతా ప్లాట్‌ఫారమే. టీకొట్టు పూర్తిగా ఉంది, ధరల పట్టిక పూర్తిగా ఉంది, కౌంటరు వెనక తలకి గుడ్డ కట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ ఎవరినో చూసి నవ్వుతోంది.

పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. ఆవిడ పేరు చెప్పారు. ఆవిడ టీలో పాలు ముందు పోసేదో తర్వాత పోసేదో చెప్పారు. చలిలో నిలబడి ఇంజన్ల నంబర్లు రాసుకునే పిల్లలకి అంచులు మాడిన కేకు ముక్కలు ఊరికే ఇచ్చేదట, తనకీ ఇచ్చిందట. ఆవిడ కొడుకు గనిలో చేరాడనీ, ఆ నవ్వు అతన్ని చూసే అయ్యుంటుందనీ అన్నారు. ముప్పావుగంట మాట్లాడారు. ఒక్క నంబరు కూడా దొర్లలేదు.

"వచ్చే నెల ఇది తెర మీద వెయ్యండి," అన్నాను.

ఆయన స్లైడుని మళ్లీ చెప్పుల డబ్బాలో పెట్టి మూత నొక్కారు. "ఇంజను లేకుండానా? అది ఎప్పటిదని అడిగితే ఏం చెప్పను?"