నిమ్మరసం, వంటసోడాతో మొటిమలు పోవు

విశాఖలో ఎండలు ముదరగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "మొటిమలకు కారణం మురికి, జిడ్డు, ఒంట్లో వేడి. రోజుకు ఆరుసార్లు సబ్బుతో ముఖం కడగండి. నిమ్మరసంలో వంటసోడా కలిపి పట్టించి అరగంట ఎండలో కూర్చోండి. మామిడిపళ్లు, నూనె వంటలు మానండి. వారంలో మొటిమలు మాయం." ఇది నమ్మిన పిల్లల ముఖాలు కమిలిపోతాయి. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ముందు మురికి సంగతి. మొటిమ పుట్టేది చర్మం పైన కాదు, రోమకూపం లోపల. ప్రతి రోమకూపాన్నీ అంటుకుని నూనె గ్రంథి ఉంటుంది. అరచేతుల్లో, అరికాళ్లలో ఇవి ఉండవు. ముఖం మీద మాత్రం చదరపు సెంటీమీటరుకు కొన్ని వందలుంటాయి. గ్రంథి అడుగున పుట్టిన కణం కొవ్వుతో నిండుతూ పైకి జరిగి, రెండు మూడు వారాల్లో తానే పగిలిపోతుంది. ఆ కణంలోని సరుకే మనకు కనిపించే జిడ్డు. ఈ పని నడిపించేవి మగ హార్మోన్లుగా పేరుపడ్డ ఆండ్రోజెన్లు. ఇవి ఆడపిల్లల్లోనూ ఉంటాయి. ఈడొచ్చే వయసులో అవి పెరగ్గానే గ్రంథులు ఉబ్బి నూనె ఎక్కువగా ఊరుతుంది. దాంతోపాటు రోమకూపం గోడల మృతకణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని దారి మూసేస్తాయి. వెనకాల నూనె నిలవ ఉంటుంది. గాలి సరిగా ఆడని ఆ చోట క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాన్ని ఎదుర్కొనే క్రమంలో చర్మం ఎర్రగా వాచి చీము పడుతుంది. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మట్టి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి మారిన కొవ్వు కలిసి అలా కనిపిస్తాయి. ఎంత తోమినా అది పోదు.

ఆరుసార్లు సబ్బుతో కడిగితే పైనున్న జిడ్డు పోతుందే తప్ప గ్రంథి పని తగ్గదు. పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత పీహెచ్; 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. చర్మం పీహెచ్ సుమారు 5, మామూలు ఒంటి సబ్బుది 9 నుంచి 10. పదేపదే రుద్దితే చర్మం బిగుసుకుపోయి పొట్టు లేస్తుంది, ఆ తర్వాత మందు రాసినా మండుతుంది. ఘాటు లేని ఫేస్‌వాష్‌తో పొద్దున, రాత్రి కడిగితే చాలు. మన ఊరి ఉక్కపోతలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా హెల్మెట్ పెట్టుకుని వస్తే ముఖం తడిసిపోతుంది. అప్పుడు మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. గడ్డం కింద పట్టీ రాసుకునే చోట కూడా మొటిమలొస్తాయి, ఆ పట్టీని తరచూ ఉతకండి.

మెసేజ్ మొత్తంలో ప్రమాదకరమైన మాట నిమ్మరసం, సోడా, ఎండ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. సోడా కలిపితే బుస్సున పొంగేది కార్బన్ డయాక్సైడ్. పొంగు చల్లారాక ఏది ఎక్కువ పడితే దాని ప్రకారం మిశ్రమం పుల్లగానో క్షారంగానో మిగులుతుంది. కొవ్వు, మృతకణాలతో మూసుకుపోయిన రోమకూపాన్ని రెండూ తెరవలేవు. పైగా నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు ఎర్రబడి బొబ్బలు లేవవచ్చు. మానాక గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద మొటిమ కంటే ఆ మచ్చే ఎక్కువ కాలం బాధపెడుతుంది.

మామిడిపండుకు "వేడి" అంటగట్టడం అన్యాయం. సువర్ణరేఖ తిన్నాక మూతి చుట్టూ పుండ్లు పడితే అది తొడిమ దగ్గర కారే సొన పని. పండు కాసేపు నీళ్లలో ఉంచి, కడిగి, తొక్క తీసి తినండి. నూనె వంటలూ అంతే. బజ్జీ నూనె నేరుగా ముఖం మీదికి రాదు, గ్రంథి తన కొవ్వును తానే తయారుచేసుకుంటుంది. అయితే తిండికి అసలు సంబంధమే లేదనీ అనలేం. కూల్‌డ్రింకులు, మిఠాయిలు ఇన్సులిన్‌ను పెంచుతాయి, అది గ్రంథులను ఉసిగొల్పుతుంది. పాలు, జిమ్ కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్ వల్ల కూడా కొందరికి పెరుగుతాయి. తలనూనె నుదుటి మీదికి జారితే అక్కడ చిన్నచిన్న గింజలు లేస్తాయి.

వారంలో పోతాయన్నది అబద్ధం. లోపల మూసుకున్న రంధ్రం మొటిమగా బయటపడటానికే వారాలు పడుతుంది. డాక్టర్లు తరచూ ముందుగా రాసే అడాపలీన్ 0.1 శాతం జెల్ రోజూ వాడినా 8 నుంచి 12 వారాలు పడుతుంది. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, శెనగగింజంత ముఖమంతా పల్చగా రాయాలి. మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టడం తప్పు, ఎందుకంటే రేపటి మొటిమ పక్కనే తయారవుతోంది. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాస్తే మంట తగ్గుతుంది. గర్భిణులు వాడకూడదు. మొటిమల బ్యాక్టీరియాను చంపే పైపూత మందు బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం చాలు. ఎక్కువ శాతమైతే మంట ఎక్కువ, లాభం అంతగా పెరగదు. తువ్వాళ్ల రంగు కూడా పోతుంది, తెల్లవి వాడండి. నుదుటి మీద, వీపు మీద ఒకే సైజు గింజలు దురదపెడుతుంటే అది ఫంగస్ కావచ్చు, యాంటీబయాటిక్ వాడితే ఇంకా ముదురుతుంది.

మెసేజ్ విఫలమయ్యాక చాలామంది చేసే పని, మందుల షాపులో "తెల్లబడే క్రీమ్" అడగడం. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మూడు రోజుల్లో వాపు అణిగినట్టుంటుంది. నెలలు వాడితే చర్మం పల్చబడి, ఎర్ర నరాలు తేలి, కొత్త మొటిమలు గుంపుగా వస్తాయి. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ముఖం భగ్గుమంటుంది. ఆ ట్యూబు వెంట తీసుకుని కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీకో, దగ్గరున్న చర్మ డాక్టరు దగ్గరికో వెళ్లి, ఎన్నాళ్లుగా రాస్తున్నారో దాచకుండా చెప్పండి.