ఇండోల్ అంటే ఫిషర్ ఒక్కడేనా?

బరంపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకి ట్యూషన్ చెప్తుంటాను. ఊళ్లోవాళ్లూ ఉంటారు, ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, నోట్సు ఇంగ్లీషు. దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. నా గొడవంతా వేరు. ఇండోల్ (బెంజీన్ రింగుకి, నైట్రోజన్ ఉన్న ఐదు పరమాణువుల రింగు అతికిన పదార్థం) ఎలా తయారుచేస్తారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ఫిషర్ పద్ధతి. ఫినైల్ హైడ్రజీన్, కీటోన్, ఆమ్లం, వేడి. అయిపోయింది!

సరే, పక్కన ఏ గ్రూపూ లేని ఉత్త ఇండోల్ కావాలంటే? "ఎసిటాల్డిహైడ్ వేస్తే సరి కదా సార్" అంటారు. కాగితం మీద సరే, ఫ్లాస్కులో మామూలుగా అది నడవదు. పైరువిక్ ఆమ్లంతో మొదలుపెట్టి, రెండో స్థానంలో మిగిలే కార్బాక్సిల్‌ని (ఆమ్లపు గ్రూపుని) తర్వాత ఊడగొట్టాలి. 1883లో ఫిషర్, జోర్డాన్ మొదట వాడిందీ పైరువిక్ ఆమ్లాన్నే. పైగా ఫినైల్ రింగులో మెటా స్థానంలో గ్రూపు ఉంటే, ఆ గ్రూపు 4లో ఉన్న ఇండోల్, 6లో ఉన్న ఇండోల్ రెండూ కలిసొస్తాయి. విడదీయడం మన ఖర్మ.

ఫినైల్ హైడ్రజీన్‌లోని రెండు నైట్రోజన్లలో ఏది అమ్మోనియాగా పోతుందో అడగండి, చాలామంది గాల్లో రాయి వేస్తారు. రింగుకి అంటుకున్నది ఉండిపోతుంది, అవతలిది పోతుంది. నైట్రోజన్-15 (బరువైన నైట్రోజన్) గుర్తుతో 1943లోనే తేల్చిన సంగతి ఇది.

ఆర్థో నైట్రోటోలుయీన్ లాంటి చవక సరుకుతో లైమ్‌గ్రూబర్-బాచో దారి ఉంది. నైట్రో పక్కనున్న మిథైల్ హైడ్రోజన్లు తేలిగ్గా ఊడతాయి కాబట్టి డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) ఎసిటాల్, పైరొలిడీన్‌తో ఈనమీన్ (డబుల్ బాండ్‌కి నైట్రోజన్ అతికిన అణువు) తయారవుతుంది. ఆపైన నైట్రోని అమీన్‌గా మారిస్తే రింగు దానంతటదే మూసుకుంటుంది. 2, 3 స్థానాలు ఖాళీగా ఉన్న ఇండోల్ చేతికొస్తుంది. మన జిరాక్స్ నోట్సులో దీనికి దక్కింది ఒక్క ముక్క. పల్లాడియంతో ఇండోల్ కట్టే లారాక్ పద్ధతికి అదీ లేదు.

పేపర్ సెట్ చేసే మాస్టార్లకి నా మనవి: "ఫిషర్ పద్ధతి వివరించుము" మానేయండి. "ఆర్థో బ్రోమోనైట్రోబెంజీన్ ఇచ్చాం, 7-బ్రోమోఇండోల్ చెయ్యి" అని అడగండి. దీనికి జవాబు బార్టోలి పద్ధతి, 1989. వినైల్ గ్రిగ్నార్డ్ (వినైల్ గ్రూపుకి మెగ్నీషియం అతికిన కారకం) మూడు ఈక్వివలెంట్లు, అంటే ఒక్కో నైట్రో అణువుకి మూడు. మూడెందుకో కూడా రాయమనండి: మొదటిది నైట్రోని నైట్రోసోగా మారుస్తుంది, రెండోది ఆ నైట్రోసో ఆక్సిజన్‌కి అతుక్కుని రింగు కట్టడానికి పోతుంది, మూడోది క్షారంగా ఖర్చవుతుంది. ఇది రాసినవాడికి పది మార్కులూ వెయ్యండి, నేను అడ్డు రాను.