కర్ణానికి రెండు బైట్లు

జాతి భవిష్యత్తుకు సంబంధించిన ఒక ముఖ్యమైన విషయం మీద మన పెద్దలెవరూ నోరు మెదపకపోవడం చాలా విచారకరం. లంబకోణ త్రిభుజంలో అన్నిటికన్నా పొడవైన భుజాన్ని, అంటే కర్ణాన్ని, కనుక్కోవడానికి ఎంత చిన్న ప్రోగ్రాం సరిపోతుంది? ఈ ప్రశ్న తేలకుండా మనం రోడ్లు వేస్తున్నాం, పెళ్లిళ్లు చేస్తున్నాం, ఓట్లు కూడా వేస్తున్నాం.

నాకు జ్ఞానోదయం అయింది మా అక్క కొడుకు వల్ల. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. మొన్న సంక్రాంతికి వారం ముందే వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి మా ఇంట్లో దిగాడు. మూడో రోజు అర్ధరాత్రి మంచినీళ్ల కోసం లేచి చూద్దును కదా, హాల్లో ల్యాప్‌టాప్ ముందు రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన పళ్లెంలో అరిసె సగం కొరికి వదిలేసి ఉంది. ఉద్యోగం ఊడిందేమోనని నా గుండె గుభేలుమంది.

"ఏమైందిరా?"

"ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయింది మావయ్యా. ఇంకో రెండు తగ్గాలి."

కొలెస్ట్రాలా, ఈఎంఐలా అని అడిగాను. బైట్లట.

దీన్ని కోడ్ గోల్ఫ్ అంటారు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో పడేసినవాడు గెలిచినట్టే, ఇక్కడ తక్కువ బైట్లలో ప్రోగ్రాం రాసినవాడు గెలుస్తాడు. బైటు అంటే కంప్యూటర్ రాతను కొలిచే కొలత, ఇంగ్లీషు అక్షరానికి ఒకటి. ఒక్కో అక్షరం, కామా, చుక్క, ఖాళీ, అన్నీ లెక్కలోకే వస్తాయి. ప్రోగ్రాం వేగంగా నడవక్కర్లేదు. ఇంకొకడికి అర్థం కానక్కర్లేదు. రాసినవాడికే మర్నాడు అర్థమైతే అది పూర్వజన్మ సుకృతం.

వాడి 24 బైట్ల ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఉంది. ల్యాంబ్డా అని మొదలుపెట్టి, ఎ కామా బి అని పేర్లు చెప్పి, ఎ ని ఎ తో, బి ని బి తో హెచ్చవేసి, రెండూ కూడి, బ్రాకెట్లో బంధించి, రెండు నక్షత్రాలు పెట్టి, చివర చుక్క అయిదు అన్నాడు. వర్గమూలం అన్నమాట. స్క్వేర్ రూట్ అని పూర్తి పేరుతో పిలిస్తే బోలెడు బైట్లు ఖర్చు కాబట్టి అర ఘాతంతో సరిపెట్టాడు. ఆ అర ముందు సున్నా కూడా పెట్టలేదు. సున్నాను ప్రపంచానికి ఇచ్చినవాళ్లం, వాడుకోవడానికి మనసొప్పదు.

ఈ సందర్భంలో మా లెక్కల మాస్టారిని తలుచుకోక తప్పదు. పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతానికి దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు శీర్షికలు పెట్టి రెండు పేజీలు రాయించేవారు. నేను ఓసారి "నిర్మాణం" అన్న మాట మర్చిపోతే అర మార్కు కోశారు. ఆ అర మార్కు బాధ నాకు నలభై ఏళ్లుగా ఉంది. అదే అరను మా వాడు రెండు గుర్తుల్లో రాసి, ఇంకా దుబారాగా ఉందని ఏడుస్తున్నాడు.

తెల్లారేసరికి 22 వచ్చింది. ఎలాగంటే, వాడు సంకీర్ణ సంఖ్యలను ఆశ్రయించాడు. ఒక భుజాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, రెండోదాన్ని మైనస్ ఒకటి వర్గమూలంతో హెచ్చవేసి, మొత్తానికి ఏబీఎస్ తగిలిస్తే, ఇంటర్మీడియెట్‌లో మనం చదివి మర్చిపోయిన మాపం వస్తుంది. అదే కర్ణం. అంటే ఒక భుజం వాస్తవంలో నిలబడుతుంది, రెండోది కల్పనలో నిలబడుతుంది, మధ్యలో కొలత మాత్రం నిఖార్సుగా తేలుతుంది. మన కోర్టుల్లో భూమి తగాదాలు నడిపినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అయితే 22 బైట్లు అంటే ఈ లోకంలో ఊబకాయం. జావాస్క్రిప్ట్‌లో 2015 నాటి ప్రమాణం నుంచీ మ్యాథ్ డాట్ హైపాట్ అని ఉంది, పది బైట్లతో పని అయిపోతుంది. జె అనే భాషలో నిలువు గీత, ఎట్ గుర్తు, జె, చుక్క, మొత్తం నాలుగు. ఇంకో భాష పేరు సున్నా అయిదు ఎ బి ఒకటి ఇ. రవాణా శాఖవాళ్లు ఇచ్చిన బండి నంబరులా ఉంటుంది గానీ ముద్దుగా ఓసాబీ అంటారు. అందులో మూడు బైట్లు చాలు: ఎన్, ఓ, టీ. ఎన్ అంటే వర్గం చెయ్యి, ఓ అంటే కూడు, టీ అంటే వర్గమూలం తియ్యి. మూడూ కలిపి చదివితే ఇంగ్లీషులో "కాదు" అని వస్తుంది. జవాబు మాత్రం అవుననే వస్తుంది.

ఇక జెల్లీ. పేరుకు తగ్గట్టు చేతికి దొరకదు. ఒక్కో గుర్తుకు ఒక్క బైటే పడేలా 256 గుర్తులతో సొంత అక్షరమాల పెట్టుకుంది. అందులో ఎ, ఇ అతుక్కుని ఉన్న అక్షరం ఒకటి, నెత్తిన చుక్క పెట్టుకున్న డి ఒకటి, ఈ రెండూ రాస్తే కర్ణం వచ్చేస్తుంది. రెండు బైట్లు! ఆ రెండు గుర్తుల అర్థం వివరించడానికి మా వాడికి ఇడ్లీ తిన్నంతసేపూ పట్టింది, మళ్లీ కాఫీ కూడా తాగాల్సి వచ్చింది.

ఇదంతా పాశ్చాత్యుల పైత్యం అనుకునేవాళ్లు చరిత్ర చదువుకోవాలి. "అర్ధమాత్రాలాఘవేన పుత్రోత్సవం మన్యంతే వైయాకరణాః" అన్నారు. సూత్రంలో అర మాత్ర తగ్గితే చాలు, వ్యాకరణ పండితులు కొడుకు పుట్టినంత సంబరపడతారట. పాణిని దాదాపు 4000 సూత్రాల్లో సంస్కృతాన్నంతా కుదించి, చిట్టచివరి సూత్రం "అ అ" అని ముగించాడు. అంతే, రెండక్షరాలు. దాన్ని వివరించడానికి తరవాతివాళ్లు ఎంత రాశారో లెక్కపెట్టాలంటే బైట్లు చాలవు, బస్తాలు కావాలి.

కర్ణం సంగతికే వస్తే, 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో "తత్కృత్యోర్యోగపదం కర్ణః" అన్నాడు. కృతి అంటే వర్గం, యోగం అంటే కూడిక, పదం అంటే మూలం. ఎన్, ఓ, టీ! వరుస కూడా మారలేదు. ఓసాబీవాళ్లు ఆయనకు రాయల్టీ ఇస్తున్నారా అన్నది వేరే విషయం. మన వేమన ఈ పోటీలో నిలవడు లెండి. పద్యానికో పాదం చొప్పున "విశ్వదాభిరామ వినురవేమ" అని అదే మాట మళ్లీ మళ్లీ రాశాడు, పావు వంతు దుబారా. సుమతీ శతకకారుడు నయం, "సుమతీ" అని మూడక్షరాల్లో తేల్చేశాడు.

ఇక్కడే నా రక్తం మరిగే విషయం ఉంది. భాస్కరుడి వాక్యాన్ని తెలుగు లిపిలో టైపు చేసి బైట్లు లెక్కపెట్టమన్నాను. మా వాడు లెక్కపెట్టి 67 అన్నాడు. కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు, మనకు మాత్రం ఒక్కోదానికి మూడు. పోనీ అక్షరానికి మూడా అంటే అదీ కాదు. "కర్ణం" మనకు రెండక్షరాల మాట. కంప్యూటరుకు క వేరు, ర వేరు, పొల్లు వేరు, ణ వేరు, సున్నా వేరు. అయిదు మూళ్లు పదిహేను! జెల్లీవాడు కర్ణాన్ని రెండు బైట్లలో కనుక్కుంటుంటే, మనకు దాని పేరు రాయడానికే పదిహేను పడుతోంది. పైథాన్‌లో తెలుగు పేర్లు పెట్టుకోనిస్తారని విని సంతోషించి, ఎ, బి తీసేసి అ, ఆ పెట్టమన్నాను. 22 కాస్తా 30 అయింది. మాతృభాషాభిమానానికి ఎనిమిది బైట్ల జరిమానా.

దీని మీద అఖిలపక్షాన్ని ఢిల్లీ తీసుకెళ్లాలి. పొల్లుకు కనీసం పన్ను మినహాయింపు అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ నీళ్ల దగ్గర కలవకపోయినా పొల్లు దగ్గర కలవొచ్చు.

అన్నట్టు, కర్ణాన్ని అందరికన్నా బాగా కుదించింది మనమే. పల్లెల్లో కరణాన్ని కర్ణం అనే పిలిచేవాళ్లు. ఊరి భూముల కొలతలన్నీ కర్ణంగారి గుప్పెట్లో ఉండేవి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవినే ఎత్తేసింది. సున్నా బైట్లు. ఈ రికార్డును జెల్లీ కూడా కొట్టలేదు.

గిట్టనివాళ్లు కొన్ని అభ్యంతరాలు లేవదీస్తారు. ఇంత చిన్న ప్రోగ్రాం సరైన జవాబే ఇస్తుందా అని. మా వాడి 24 బైట్లదానికి రెండు భుజాలూ 10 పవర్ 200 అని దశాంశ సంఖ్యలుగా ఇస్తే కర్ణం అనంతం అని చెప్పింది. మామూలు దశాంశ సంఖ్యకు కంప్యూటర్లో హద్దు దాదాపు 1.8 ఇంటూ 10 పవర్ 308. వర్గం చేసేసరికి 400కి పోయి పొంగిపోయింది. నేనేమీ కంగారు పడలేదు. మనకు కనిపించే విశ్వం వెడల్పే 10 పవర్ 27 మీటర్లకు లోపు. అంత స్థలం రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

వింతేమిటంటే, రెండు బైట్లు తక్కువున్న 22 దానికి అవే అంకెలు ఇస్తే జవాబు సరిగ్గా వచ్చింది. చిన్నది పెద్దదానికన్నా తెలివైనదా? పిట్ట కొంచెం కూత ఘనం అని నేను మెచ్చుకోబోతుంటే మా వాడు తల గోక్కున్నాడు. ఏబీఎస్ అని మూడక్షరాలు రాస్తే, లోపల అది హైపాట్ అనే పాత ఫంక్షన్‌ను పిలుస్తుందట. ఆ ఫంక్షన్ రాసినవాళ్లు మాత్రం పొదుపు చెయ్యలేదు. సంఖ్యలు మరీ పెద్దవైతే ఏం చెయ్యాలి, మరీ చిన్నవైతే ఏం చెయ్యాలి, చివరి అంకె ఎటు సవరించాలి, అన్నీ కూర్చుని వరసలకు వరసలు రాశారు. 1983లో క్లీవ్ మోలర్, డొనాల్డ్ మారిసన్ అని ఇద్దరు, వర్గమూలం జోలికే పోకుండా కర్ణం రాబట్టే పద్ధతి మీద ఏకంగా పరిశోధన పత్రమే ప్రచురించారు. పెళ్లికొడుకు మూడు ముళ్లు వెయ్యడానికి ఒక్క నిమిషమే పడుతుంది. పందిరి గుంజలు పాతినవాళ్లు, గాడిపొయ్యి దగ్గర మసి పట్టినవాళ్లు ఫొటోలో ఉండరు. నిమిషంలో పెళ్లి చేసుకున్నానని వాడు రికార్డు రాయించుకుంటే ఎవరు కాదంటారు?

జావావాళ్లను మాత్రం ఈ విషయంలో మెచ్చుకోవాలి. వాళ్ల పూర్తి ప్రోగ్రాం మన శుభలేఖ లాంటిది. పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్ అంటూ శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు దగ్గర మొదలై, తాతముత్తాతల పేర్లన్నీ అయ్యాక ఎక్కడో కింద ముహూర్తం కనిపిస్తుంది.

సరిగ్గా ఈ రోజుల్లోనే మా మేడ మీదికి మెట్లు కడుతున్నారు. ఎత్తు తొమ్మిదడుగులు, అడుగున జాగా పన్నెండడుగులు. వాలు స్లాబుకు చువ్వలు కొయ్యాలి. పొడవు ఎంతో చెప్పే అవకాశం మా వాడికి వచ్చింది. ల్యాప్‌టాప్ ఇసక కుప్ప మీద పెట్టి, ఆ రెండు గుర్తులూ కొట్టి, గంభీరంగా ప్రకటించాడు.

"పదిహేను అడుగులు, మేస్త్రీ గారూ."

మేస్త్రీ బీడీ పారేసి, "పదహారున్నర బాబూ" అన్నాడు.

మా వాడు స్క్రీన్ చూపించాడు. మేస్త్రీ స్క్రీన్ వైపు చూడలేదు. కింద మేకు నుంచి పైన బీము దాకా బిగించి ఉన్న నైలాన్ దారం చూపించాడు. "దారం పదిహేనే. చువ్వకి రెండు చివర్లా ముప్పావు అడుగు చొప్పున ఎల్ వంచాలిగా. లేకపోతే దేన్ని పట్టుకుని నిలబడుద్ది? నలభై అడుగుల చువ్వలో రెండు తెగుతాయి, ఏడడుగుల ముక్క మిగులుద్ది."

యజ్ఞవేదికల కొలతలు చెప్పే మన పాత శుల్బ సూత్రాల్లో శుల్బం అంటే తాడే. బౌధాయనుడు కూడా కర్ణం గురించి చెప్పింది తాడు పెట్టే. ఈ మాట చెప్పి మా వాణ్ని ఓదార్చబోయాను, వినే స్థితిలో లేడు. ప్లస్ 1.5 అని చేర్చాలంటే నాలుగు గుర్తులు. రెండు బైట్ల ప్రోగ్రాం ఆరయింది. మూడింతలు! భోజనానికి పిలిస్తే రాలేదు. మేస్త్రీతో మాట మానేశాడు.

ఆ రాత్రి పన్నెండున్నరకి మా గది తలుపు దబదబా బాదాడు. దొంగలేమోనని మా ఆవిడ లైటు వేసింది.

"మావయ్యా, జెల్లీలో ఒకటి రాసి చుక్క పెట్టి వదిలేస్తే ఒకటిన్నర అని దానంతటదే అనుకుంటుంది. ఆ అయిదు అక్కర్లేదు. అయిదు బైట్లు!"

రెండు చేతుల్లోనూ అరిసెలున్నాయి. ఒకటి నాకిచ్చాడు, ఒకటి వాళ్ల అత్తకిచ్చాడు.